ఉస్మానియా వేడి నీళ్ల గురించి ఆరోగ్య మంత్రి గారికి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ఆసుపత్రి భవనాల పనులు చూసే ఇంజనీర్లకు,



2025 జనవరి 31న గోషామహల్ పోలీస్ స్టేడియం స్థలంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి ముఖ్యమంత్రి గారు శంకుస్థాపన చేసినప్పటి నుంచి, మా పాతబస్తీలో ఆ రెండు వేల పడకల సంగతి మాట్లాడుకోని చాయ్ దుకాణం లేదు. ఆపరేషన్ థియేటర్లు ఎన్ని, అంబులెన్సు ఎటు నుంచి తిరగాలి, అఫ్జల్‌గంజ్‌లోని పాత భవనం ఏమవుతుంది అని రోజూ వాదులాటే. అన్నీ అడగాల్సినవే. ఎవరూ అడగని సంగతి ఒకటి మిగిలిపోయింది, దాని కోసమే ఈ ఉత్తరం. వేడి నీళ్లు.

నేను డాక్టర్ని కాను, నాయకుణ్నీ కాను. ఆసుపత్రులు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లలో పంపు రూముల్లోనూ డాబాల మీదా పని చేసి తల నెరిసినవాణ్ని. కుళాయి తిప్పితే వేడి నీళ్లు వచ్చినన్నాళ్లూ మా వంటివాళ్లం గుర్తుకు రాము. రాకపోతే మాత్రం ఫోను మోగుతూనే ఉంటుంది.

మన ఊళ్లో గదులు వెచ్చబెట్టుకునే పని లేదు. లండన్‌లోనో, మాస్కోలోనో నీళ్లు ఒకచోట కాచి, గొట్టాల్లో ఇల్లంతా తిప్పి, గోడల పక్కన పెట్టిన రేడియేటర్లతో గదులు వేడి చేసుకుంటారు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు స్వెట్టరుతో గడిచిపోతాయి. కానీ ఆసుపత్రికి అదే ఏర్పాటు ఏడాది పొడవునా కావాలి. నీళ్లు ఒకచోట కాగాలి, గొట్టాల్లో తిరుగుతూ ఉండాలి, అయిదో అంతస్తు చివరి వార్డులో కుళాయి తిప్పినా వేడిగా రావాలి. బాలింతల స్నానానికి, కాలినవాళ్ల వార్డుకు, వంటశాలకు, దుప్పట్లు ఉతకడానికి అన్నిటికీ అవే. ఏసీ కూడా ఇదే సూత్రం, తలకిందులుగా. చిల్లర్ ఏడు డిగ్రీల చల్లని నీళ్లు పంపిస్తుంది, అవి వార్డుల్లోని వేడి మోసుకుని పన్నెండు డిగ్రీలై తిరిగొస్తాయి.

ఈ ఏర్పాటుకు ఇప్పుడు రెండు దారులున్నాయి. కాచే యంత్రం, నిల్వ ట్యాంకు, తిప్పే పంపు, ఉష్ణ వినిమయ పలకలు, కంట్రోలు బోర్డు అన్నీ ఒకే రేకు పెట్టెలో బిగించి కంపెనీ నుంచే లారీ మీద దిగేది మొదటిది. ఈ మధ్య వచ్చిన పెద్ద పెట్టెలైతే ఒక వైపు నుంచి ఏసీకి చల్లని నీళ్లు, ఇంకో వైపు నుంచి స్నానాలకు వేడి నీళ్లు ఒకేసారి ఇస్తాయి. రెండోది పాత పద్ధతి. ట్యాంకు వేరు, పంపులు వేరు, హీట్ పంపు వేరు, వినిమయ యంత్రం వేరు. మధ్యలో వాల్వులు, యూనియన్లు, మీటర్లు. పంపు రూములోకి అడుగు పెడితే ఏది ఎక్కడుందో కంటికి కనబడుతుంది. నా మాట ఏమిటో ముందే చెప్పేస్తాను. రెండు వేల పడకల ఆసుపత్రికి విడివిడిగా కొనండి. చిన్న దవాఖానాకు పెట్టె కొనండి. రెండింటికీ ఒకే టెండరు కాగితం పెట్టకండి.

ఎందుకో లెక్కతో మొదలుపెడతాను. మన ప్రమాణాల ప్రకారం వంద పడకలు దాటిన ఆసుపత్రికి, లాండ్రీ కాకుండా, పడకకు రోజుకు 450 లీటర్ల నీళ్లు కావాలి. అందులో వేడి నీళ్లు 50 లీటర్లే అనుకుందాం, గుణకారం సులువవుతుంది. 2,000 పడకలకు లక్ష లీటర్లు. వెయ్యి లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 41 యూనిట్లు కాలుతాయి. మామూలు కాయిల్‌తో లక్ష లీటర్లు కాస్తే రోజుకు నాలుగు వేల యూనిట్ల పైమాట. ఫ్రిజ్ వెనక జాలీ వేడెక్కే సూత్రంతోనే గాలిలోని వేడిని నీళ్లలోకి తోసే హీట్ పంపు పెడితే, ఒక యూనిట్ కరెంటుకు మూడు, మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది. నాలుగు వేలు పన్నెండు వందలకు దిగుతాయి.

ఇంకా దిగొచ్చు. ఆపరేషన్ థియేటర్లకు ఏసీ పన్నెండు నెలలూ ఆగదు. వంద టన్నుల చిల్లర్ గంటసేపు పూర్తిగా నడిస్తే నాలుగు వందల యూనిట్ల పైన వేడిని కూలింగ్ టవర్ మీదుగా ఆకాశానికి వదిలేస్తుంది. పది వేల లీటర్ల నీళ్లు కాగేంత వేడి అది. అంతా మన చేతికి రాదు, చాలా భాగం గోరువెచ్చనిదే. కానీ అందులో కొంత పట్టుకుని, బోరు నుంచో సంపు నుంచో వచ్చిన చల్లని నీటిని ముందే వెచ్చబెట్టొచ్చు. దాని తర్వాత సౌరఫలకాలు, వాటి తర్వాత హీట్ పంపు, చివర్లో లోటు పూడ్చడానికి మాత్రమే కాయిల్. కేంద్రం 2017లో తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి కూడా, 20 వేల చదరపు మీటర్లు దాటిన ఆసుపత్రిలో వేడి నీటి సామర్థ్యంలో కనీసం 40 శాతం ఎండతోనే రావాలంటుంది. అంటే గోషామహల్‌లో పెట్టె కొన్నా, పెట్టె బయట ఇంకో ఏర్పాటు తప్పదన్నమాట. ఎలాగూ నాలుగు చోట్ల నుంచి వేడి తెచ్చుకోవాల్సినప్పుడు, వాటిని వరసగా కలుపుకునే వీలున్న విడి వ్యవస్థే మేలు. పెట్టెకు అతుకులు వేసుకుంటూ పోతే వారంటీ ఇచ్చిన కంపెనీయే మొదట చేతులు దులుపుకుంటుంది.

పెట్టెను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. దాని గుణాలు దానికున్నాయి. ఫ్యాక్టరీలో పరీక్ష చేసి పంపుతారు కాబట్టి లోపలి జాయింట్లు మన ప్లంబరు సైటులో హడావుడిగా వేసినవాటికంటే గట్టిగా ఉంటాయి. జాగా తక్కువ. కొన్నది ఒక్కరి దగ్గర కాబట్టి పట్టుకోవడానికి ఒక్క మెడ ఉంటుంది. విడిభాగాల పనిలో ఇదే పెద్ద తలనొప్పి. నీళ్లు వేడెక్కలేదంటే పంపువాడు ప్యానెల్‌వాణ్ని చూపిస్తాడు, ప్యానెల్‌వాడు సెన్సర్ అంటాడు, సెన్సర్‌వాడు గొట్టానికి ఇన్సులేషన్ లేదంటాడు. ముగ్గురూ మధ్యాహ్నం కలిసి బిర్యానీ తిని వెళ్లిపోతారు. నీళ్లు చల్లగానే ఉంటాయి. ఈ గొడవ పడలేకే చాలామంది ఇంజనీర్లు పెట్టె వైపు మొగ్గుతారని నాకు తెలుసు. వాళ్లది సోమరితనం అనను.

మన పాత ఇళ్లలోని రాగి బాయిలర్ కూడా అన్నీ ఒకే పెట్టె యంత్రమే కదా. నడుమ నిలువు గొట్టంలో బొగ్గో కట్టెపేళ్లో మండుతుంటాయి, చుట్టూ నీళ్లు. గరాటులో ఒక చెంబు చల్లనివి పోస్తే కుళాయిలోంచి అంతే వేడివి బయటికొస్తాయి. శాలిబండలో, లాల్‌దర్వాజాలో తాతల నాటివి ఇప్పటికీ అటకల మీదున్నాయి. అవి తరాలు నిలిచాయంటే కారణం లోపల చెడిపోయేదేదీ లేకపోవడమే. ఓ చుక్క కారితే మాట్లు వేసేవాడు వీధిలోకే వచ్చేవాడు. ఇవాళ్టి పెట్టెలో చెడిపోయేవి ఇరవై ఉన్నాయి, అన్నీ ఒకే గడప వెనక.

పాతబస్తీలోనే ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రి డాబా మీద చూసింది చెబుతాను. పేరు వద్దు. జనవరి, పొగమంచు ఇంకా విడలేదు. తెల్లటి రేకు పెట్టె, నిలువెత్తు. చిన్న తెర మీద ఒక అక్షరం, ఒక అంకె మెరుస్తున్నాయి. రాత్రి వోల్టేజీ ఎగిసిపడింది. తలుపు విప్పి చూస్తే లోపల కంప్రెసర్ బాగుంది, చేత్తో తిప్పితే ఫ్యాన్ తిరుగుతోంది, పంపు నిక్షేపంగా ఉంది, ట్యాంకు నిండా నీళ్లున్నాయి. పోయింది అరచేయంత పచ్చ కార్డు. దాని మీద ఒక మూల గోధుమ రంగు మచ్చ, వాసన చూస్తే కాలిన వాసన. ఆ కార్డు లేకుండా పెట్టెలో ఏదీ దేనితోనూ మాట్లాడదు. ఫ్యాన్‌ను, పంపును నేరుగా స్విచ్చికి కలిపి ఆ పూటకు నడుపుదామంటే, లోపలి సెన్సర్లన్నీ కార్డుకే వేళ్లాడుతున్నాయి. రాణీగంజ్‌లో అడిగాం, ట్రూప్ బజారులో అడిగాం, అలాంటిది ఎవరి దగ్గరా లేదు. కంపెనీవాళ్లు ఇంకో రాష్ట్రం నుంచి రావాలన్నారు. అది వచ్చేదాకా ఆయమ్మలు ప్లాస్టిక్ బకెట్లలో హీటర్ రాడ్లు వేసి నీళ్లు కాచారు. తడి నేల, తడి చేతులు, బకెట్లో కరెంటు. బాలింతల తరఫువాళ్లు ఎదురు హోటల్ నుంచి ఫ్లాస్కుల్లో వేడి నీళ్లు మోసుకొచ్చారు. నన్ను భయపెట్టింది చల్లటి నీళ్లు కాదండీ, ఆ రాడ్లు.

అదే విడి వ్యవస్థలో ప్యానెల్ కాలిపోతే, ఎలక్ట్రీషియన్ ఒక కాంటాక్టరు, ఒక థర్మోస్టాటు పెట్టి గంటలో నడిపిస్తాడు. అందంగా ఉండదు, కానీ నీళ్లు కాగుతాయి. పంపు కాలితే పక్కనే రెండో పంపు ఉంటుంది, రెండు వాల్వులు తిప్పడమే. కాలినదాన్ని ఆటోలో రాణీగంజ్ తీసుకెళ్తే వైండింగు కట్టి ఇస్తారు. ఈ ఊళ్లో పంపులు, మోటార్లు, వాల్వుల బజారు అంత పెద్దది ఉండటం మనకున్న ఆస్తి. దాన్ని వాడుకునే యంత్రం కొనాలి గానీ, దానికి అంతుబట్టని యంత్రం ఎందుకు?

ఇక నీళ్ల గురించి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే టెండరు కాగితాల్లో నీళ్లు అనే మాట ఉంటుంది గానీ ఏ నీళ్లో ఉండదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, కృష్ణా నీళ్లు ఫరవాలేదు, మెత్తనివే. కానీ నల్లా రోజూ రాదు. రాని రోజు బోరు తప్పదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు అది కరిగే ఉంటుంది, మనకు కనబడదు. కాగితే విడిపోయి, వేడి తగిలే చోటునే పట్టుకుంటుంది. ఎంత ఎక్కువ కాస్తే అంత తొందరగా పడుతుంది. గీజరు కాయిల్ విప్పితే తెల్లటి పెంకు రాలడం ప్రతి ఇంట్లో చూసేదే.

ఉష్ణ వినిమయ యంత్రంలో పల్చటి స్టీలు పలకలు వరసగా ఉంటాయి. ఒక సందులో వేడి నీళ్లు, పక్క సందులో చల్లవి. సందు వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. పెట్టె యంత్రాల్లో ఈ పలకల్ని రాగితో అతికించి, ఒకే ముద్దగా చేసి పెడతారు. చిన్నగా, చవగ్గా, లీకు కాకుండా ఉంటుంది. కానీ సున్నం పడితే విప్పే దారి లేదు. యాసిడ్ తిప్పి కడగాల్సిందే, పూర్తిగా మూసుకుపోయిన సందులోకి యాసిడ్ కూడా వెళ్లదు. అప్పుడు ముద్ద మొత్తం మార్చాలి. విడిగా కొనే యంత్రంలో పలకల మధ్య రబ్బరు గాస్కెట్లు, రెండు చివర్లా మందపాటి ఇనుప పలకలు, పొడవాటి బోల్టులు. స్పానర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఇద్దరుంటే సాయంత్రానికి విప్పి, ఒక్కో పలకా ఎండలో వరసగా పేర్చుకుని కడిగేయొచ్చు. పల్చని యాసిడ్ పోయగానే పెంకు బుసబుసమని పొంగుతుంది, నురగ తగ్గేదాకా ఆగి బ్రష్షుతో తోమితే కింద స్టీలు మెరుస్తుంది. తిరిగి బిగించేటప్పుడు మాత్రం రెండు చివరి పలకల మధ్య దూరం కంపెనీ చెప్పిన కొలతకు రావాలి. ఎక్కువ బిగిస్తే పలకలు వంగుతాయి, తక్కువ బిగిస్తే కారుతుంది. అంతకుమించి విద్య లేదు. మల్లేపల్లి ఐటీఐలో చదివిన పిల్లవాడికి ఒక్కసారి చూపిస్తే చాలు. ఆ పిల్లవాడు రేపు ఆసుపత్రి ఉద్యోగి కావాలని కూడా నా కోరిక, అది వేరే ఉత్తరం.

వేడి ఎంత ఉండాలన్న దగ్గర కూడా పెట్టె ఇబ్బంది పెడుతుంది. 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. తర్వాత కొద్ది రోజుల్లోనే వచ్చినవాళ్లలో చాలామంది ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టారు, ముప్పై మంది దాకా చనిపోయారు. కారణమైన సూక్ష్మజీవికి ఆ సైనిక సంఘం పేరు మీదే లెజియోనెల్లా అని పేరు పెట్టారు. అది గోరువెచ్చని నీళ్లలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. షవర్ తుంపర్లలో కలిసి ఊపిరిలోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏమీ కాకపోవచ్చు, కిడ్నీ మార్చుకున్నవాడికి, ఐసీయూలోంచి బయటికొచ్చిన ముసలివాళ్లకు ప్రాణాంతకం. అందుకే నిల్వ ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉండాలి, గొట్టాలన్నీ చుట్టి తిరిగొచ్చే నీళ్లు 50కి తగ్గకూడదు. అయితే 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కుతాయి, పసిపిల్లలకు ఇంకా తొందరగా. కాబట్టి ప్రతి స్నానాల గది దగ్గర చల్లనివి కలిపి వేడి తగ్గించే వాల్వు ఉండాలి. కరెంటు ఆదా అని ట్యాంకునే 45కి దించి పెట్టడాన్ని మించిన ప్రమాదం లేదు, చాలాచోట్ల జరుగుతున్నది మాత్రం అదే.

మరి లాండ్రీకి? ఆసుపత్రి దుప్పట్లకు 71 డిగ్రీల నీళ్లలో 25 నిమిషాలు అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. పరికరాల స్టెరిలైజేషన్‌కైతే ఆవిరే కావాలి, 121, 134 డిగ్రీలు. ఒక్కో పనికి ఒక్కో వేడి. హీట్ పంపు స్వభావం ఏమిటంటే, అది ఇచ్చే వేడి పెరిగేకొద్దీ తినే కరెంటు కూడా పెరుగుతుంది. ఒకే యంత్రం అందరికీ వండి పెట్టాలంటే, అందరికంటే ఎక్కువ వేడి అడిగినవాడి కోసం లక్ష లీటర్లూ కాచాలి. విడిగా ఉంటే స్నానాలకు కావలసినంత హీట్ పంపు కాస్తుంది, లాండ్రీకి పోయే కొద్ది నీళ్లను మాత్రం ఇంకో చిన్న యంత్రం పైకి లాగుతుంది. స్టెరిలైజేషన్‌కు దాని ఆవిరి దానిదే. అక్కడ ఏదో చెడిందని ఇక్కడ బాలింత చల్లనీళ్లు పోసుకోనక్కర్లేదు.

ఇంగ్లండులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్ని అడగండి, ఇళ్లలో ఇదే గొడవ. కాంబీ బాయిలర్ అని గోడకు వేళ్లాడే ఒక్క పెట్టె గదులకూ వేడి ఇస్తుంది, కుళాయికీ ఇస్తుంది. ట్యాంకు లేదు కాబట్టి చిన్న ఇంటికి బంగారం లాంటిది. కుళాయి తిప్పినంతసేపూ గదుల వేడి ఆపి నీళ్లు కాస్తుంది, ఎవరూ గమనించరు. అయితే రెండు బాత్‌రూముల్లో ఒకేసారి షవర్లు విప్పితే ఎవరికో ఒకరికి ధార సన్నబడుతుంది. జనవరిలో అది మొరాయిస్తే స్నానమూ లేదు, గది వెచ్చదనమూ లేదు. ఇద్దరుండే ఫ్లాటుకు ఆ రిస్కు ఫరవాలేదు. రెండు వేల మంది రోగులుండే ఇంటికి?

యంత్రాలు ఎక్కడ పెడతారన్నది కూడా చిన్న సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28 వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఏమైందో, ఆవరణలోని చింతచెట్టు ఎందరిని కాపాడిందో మీకు చెప్పక్కర్లేదు. 2020 జూలైలో ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చిన వీడియోలు రాష్ట్రమంతా చూసింది, ఆ నెలలోనే భవనానికి తాళం పడింది. 2022 డిసెంబరులో గోషామహల్‌లోనే, చాక్నావాడి దగ్గర, నాలా మీది రోడ్డు ఒక్కసారిగా కుంగి వాహనాలతో సహా కిందికి పోయింది. అక్కడ నేల కింద నీటి దారులున్నాయని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దయచేసి వేడి నీటి పంపులు, ప్యానెళ్లు సెల్లారులో పెట్టకండి. పెద్ద పెట్టె యంత్రం బరువు మోయలేక దాన్ని సెల్లారుకు దించిన భవనాలు నేను చూశాను. భాగాలు విడిగా ఉంటే బరువు పంచుకోవచ్చు. ట్యాంకులు స్తంభాలు గట్టిగా ఉన్న చోట, హీట్ పంపులు గాలాడే డాబా మీద, పంపులు మొదటి అంతస్తులో, ఇలా.

ఇన్ని చెప్పాక, చిన్న దవాఖానాల విషయంలో నా మాట తిరగేస్తాను. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి, మా వీధుల్లోనూ ఉన్నాయి. వాటికీ, పట్టణ ఆరోగ్య కేంద్రాలకీ పంపు రూము ఉండదు, ప్లంబరు ఉండడు. కావలసింది చేతులు కడుక్కోవడానికి, పరికరాలు నానబెట్టడానికి కాసిని వేడి నీళ్లు. అక్కడ నక్షత్రాల గుర్తున్న 25 లీటర్ల గీజరు గోడకు వేస్తే చాలు, చెడితే మర్నాడు కొత్తది పెట్టొచ్చు. కాన్పులు జరిగే కేంద్రమైతే డాబా మీద గాజు గొట్టాల సోలార్ హీటరు, ట్యాంకు నెత్తి మీదే ఉండే రకం. అదీ ఒకే పెట్టెనే, కానీ దానికి పంపు లేదు, కార్డు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతట అవే పైకెక్కుతాయి. ఆ గాజు గొట్టాల మీద కోతులు దూకకుండా ఇనుప జాలీ బిగించండి. నవ్వకండి, నేను మార్చిన గొట్టాల్లో సగం కోతుల పుణ్యమే.

విడి వ్యవస్థకు చెడ్డపేరు తెచ్చేది అమర్చిన తీరే కాబట్టి, దాని గురించి టెండరులో నాలుగు మాటలు రాయించండి. భాగాలు ఎన్ని కంపెనీలవైనా, అన్నీ కలిసి పనిచేయించే బాధ్యత ఒక్క గుత్తేదారుదే కావాలి. బిల్లులో చివరి భాగం ఒక చలికాలం గడిచాకే చేతికి రావాలి. ఏ పంపు, ఏ వాల్వు పెట్టినా దానికి సరిపోయే ఇంకో కంపెనీ సరుకు బజారులో దొరికేదై ఉండాలి. సగం బరువు మోసే హీట్ పంపులు మూడు పెట్టాలి, ఒకటి రిపేరులో ఉన్నా మిగతా రెండూ పూర్తి బరువు మోసేలా. తిరిగొచ్చే గొట్టాలకూ ఇన్సులేషన్ తప్పనిసరి, కనబడని చోట ఎగ్గొట్టేది దాన్నే. వాల్వుల మీద ఇత్తడి బిళ్లలు వేలాడాలి, వాటి మీద నంబరు, తెలుగులో, ఉర్దూలో పేరు. పంపు రూము గోడ మీద మొత్తం గొట్టాల పటం పెయింటుతో వేయించండి. కాగితం మీద వేసిన పటం మొదటి ఏడాదే మాయమవుతుంది, కంప్యూటర్లో ఉన్నది అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న పంపు ఆపరేటరుకు దక్కదు.

ఒక పరీక్ష కూడా అడుగుతున్నాను, దీనికి పైసా ఖర్చు లేదు. భవనం అప్పగించుకునే ముందు, జనవరి తెల్లవారుజామున అయిదు గంటలకు, అందరికంటే దూరంగా ఉన్న వార్డులో కుళాయి తిప్పి ఎన్ని సెకన్లకు వేడి నీళ్లు వచ్చాయో, ఎన్ని డిగ్రీలున్నాయో రాయించండి. తర్వాత ఒక హీట్ పంపు ఆపి మళ్లీ, ఒక పంపు ఆపి మళ్లీ, మెయిన్ కరెంటు తీసి జనరేటరు మీద మళ్లీ. గుత్తేదారు, ఇంజనీరు సంతకాలతో పాటు ఆ వార్డు హెడ్ నర్సు సంతకం కూడా ఆ కాగితం మీద ఉండాలి. ఆమె ఒప్పుకోకపోతే బిల్లు పాస్ కాకూడదు. పిలిస్తే థర్మామీటరు పట్టుకుని నేనూ వస్తాను. గౌలిపురా నుంచి గోషామహల్ ఎంత దూరమని, ఆ వేళకు మదీనా చౌరస్తాలో ట్రాఫిక్ కూడా ఉండదు.

ఇట్లు,
గౌలిపురా నుంచి ఒక పంపు రూము మెకానిక్